కాలువగట్టు రోడ్లు – కొత్త డ్రైవర్లు

కృష్ణా డెల్టాలో రోడ్డును కాలువనుండి వేరుచేసి చెప్పుట కష్టము. 1855లో బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈవలి ఒడ్డున ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఆవలి ఒడ్డున కొమ్మమూరు కాలువ క్రమముగా ఏర్పడినవి. ఇవి పొలములకు నీరిచ్చుటకే గాక పడవల రాకపోకలకును ఉపయోగపడినవి. త్రవ్వి పోసిన మట్టియే గట్టు. ఆ గట్టుమీద పడవలాగువారు త్రాడు భుజమున వేసికొని నడచెడివారు. 1957లో పాత ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజీ వచ్చినది. తరువాత పడవలు పోయినవి, గట్లమీద తారు పడినది. మనిషి నడకకును, ఎద్దుబండికిని సరిపోయిన ఆ వెడల్పులోనే నేడు ధాన్యపు లారీ, ట్రాక్టరు, ఆటో, బడి బస్సు, మోటారు సైకిలు ఎదురెదురుగా వచ్చుచున్నవి. ఒక ప్రక్క నీరు, రెండవ ప్రక్క పల్లమున పొలము. పిట్టగోడ లేని చోట్లు ఎన్నియో కలవు.

కొత్తగా బండి నేర్చుకొనువాడు మన గ్రామములలో తొలిపాఠము నేర్చునది ఈ గట్టుమీదనే. పట్టణములోని శిక్షణ పాఠశాలలో కూడలి దీపములు, గీతలు, గురుతులు చూపుదురు. గట్టుమీద అట్టివేవియు కానరావు. అందుచే ఇచ్చట చట్టమే లేదని పలువురు తలచుచున్నారు. ఈ భ్రమకు చెల్లించుచున్న మూల్యము స్వల్పమైనది కాదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి సుమారు 68 మంది గ్రామీణ ప్రాంతముల రోడ్లమీద మరణించినవారే. నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారు.

పంచాయతీ సభ్యులు పోలీసులు కారు. కావలసిన పనియు లేదు. అయినను మోటారు వాహనముల చట్టములో గ్రామ పెద్దలు తెలిసికొనదగిన విషయమొకటి కలదు. బండి నడపినవానితోపాటు బండి తాళము చేతికిచ్చినవానిని కూడ చట్టము పట్టుకొనును. తండ్రి, అన్న, ట్రాక్టరు యజమాని, ఆసామి, వీరందరు దాని లెక్కలో ఉన్నవారే. ఈ సంగతిని ఇంటింటికి చెప్పగలవారు పంచాయతీ సభ్యులకంటె వేరెవరు?

వయస్సు, లైసెన్సు

ఇప్పుడు అమలులోనున్న చట్టము 1988 నాటిది; 1989 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. దీనిని 2019లో గట్టిగా సవరించి శిక్షలను పెంచిరి. దీని ప్రకారము 18 సంవత్సరములు నిండనివారు మోటారు బండి నడపరాదు. 50 సి.సి. మించని మోటారు సైకిలును 16 ఏండ్లు నిండినవారు నడపవచ్చునను మినహాయింపు కలదు గాని, మన వీధులలో కుర్రవాండ్రు నడుపుచున్నవి అట్టివి కావు. నూరు సి.సి. బండికి ఈ మినహాయింపు వర్తింపదు. బాడుగకు తిరుగు రవాణా వాహనము నడుపుటకు 20 ఏండ్లు నిండవలెను.

మొదట లెర్నరు లైసెన్సు పొందవలెను. రోడ్డు గురుతులు, నియమములపై చిన్న పరీక్ష యుండును. ఆ లైసెన్సు ఆరు నెలలు చెల్లును. అది చేతికి వచ్చిన 30 దినముల పిమ్మట నడుపుట పరీక్షకు పోవచ్చును. ఈ మధ్యకాలములో బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని ఎల్ అక్షరము కట్టవలెను. లైసెన్సు గలవాడు ప్రక్కన కూర్చుండి నేర్పవలెను. మోటారు సైకిలు నేర్చుకొనువాడు వెనుక నేర్పువానిని తప్ప వేరెవరిని ఎక్కించుకొనరాదు. చెల్లెలిని కళాశాలకు దింపి వచ్చుట నేర్చుకొనుటలో భాగము కాదు. పరీక్షకు పోకుండ మధ్యవర్తికి సొమ్మిచ్చి కార్డు తెచ్చుకొనవచ్చునను ఆశ కొందరికి ఉన్నది. కార్డు జేబులోనున్నంతమాత్రమున బ్రేకు పడదు గదా!

తాళము ఇచ్చినవాని బాధ్యత

పొలమునకు క్యారేజీ పంపవలెను; ఇంట పెద్దవారు లేరు; తొమ్మిదవ తరగతి పిల్లవానికి మోటారు సైకిలు తాళమిత్తురు. ‘మన ఊళ్ళోనే గదా’ అందురు. పిల్లవాడు చక్కగా పోయి వచ్చును. అది నలుగురిలో చెప్పుకొనుటకు గొప్పగా ఉండును. మరుసటి వారము ఇద్దరు స్నేహితులను ఎక్కించుకొని గట్టుమీద వేగము పరీక్షించును.

2019 సవరణతో చట్టములో చేరిన 199-ఏ సెక్షను ఈ సందర్భమునకే ఉద్దేశింపబడినది. మైనరు బండి నడిపి నేరము చేసినచో అతని సంరక్షకుడు గాని, బండి యజమాని గాని దోషిగా భావింపబడును. శిక్ష మూడు సంవత్సరముల వరకు ఖైదు, రూ. 25,000 జుల్మానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లెర్నరు లైసెన్సుకు అర్హత ఉండదు. తనకు తెలియకుండ జరిగినదని, తాను తగిన జాగ్రత్త తీసికొంటినని నిరూపించు భారము తండ్రిదే. గోడకు తగిలించిన తాళము పిల్లవాడు తీసికొని పోయెనని చెప్పినచో న్యాయస్థానము అంగీకరించునా యనునది ఆలోచింపదగినది.

పెద్దవారి విషయములోను ఇట్టిదే. లైసెన్సు లేనివానికి బండి ఇచ్చిన యజమానికి మూడు నెలల వరకు ఖైదు గాని, రూ. 5,000 జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నడిపినవానికిని అదే శిక్ష.

ఇందు జుల్మానాకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. ప్రతి మోటారు బండికిని ఇతరులకు కలుగు హానికి పరిహారమిచ్చు భీమా తప్పనిసరి. కాని లైసెన్సు లేనివానికి తెలిసి బండి ఇచ్చినచో, భీమా సంస్థ బాధితునికి చెల్లించిన సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనుటకు న్యాయస్థానములు అనుమతించుచున్నవి. ఒక్క ప్రమాదముతో ఎకరమో రెండెకరములో చేయి దాటిపోవచ్చును.

ట్రాక్టరు మాట

డెల్టా గ్రామములో అన్నిటికంటె పెద్ద ప్రశ్న ట్రాక్టరుదే. ఇది పొలమునకు పుట్టిన యంత్రము, రోడ్డుకు చుట్టపుచూపుగా వచ్చునది. దాని వెనుక చక్రములు రెంటికి వేరువేరు బ్రేకులు, రెండు పెడళ్ళు ఉండును. దుక్కిలో మలుపు తిరుగునపుడు ఒక్క పెడలు నొక్కినచో ట్రాక్టరు ఉన్నచోటనే తిరుగును. పొలములో ఇది సౌకర్యము. రోడ్డుమీద వేగముగా పోవుచు అదే విధముగా ఒక్క పెడలు నొక్కినచో ట్రాక్టరు ఒక ప్రక్కకు విసరికొట్టబడి బోల్తా పడును. అందుకే రెండు పెడళ్ళను కలుపు గొళ్ళెము అమర్చబడినది. పొలమునుండి రోడ్డెక్కుటకు ముందు ఆ గొళ్ళెము వేయవలెను. ట్రాక్టరు నడుపువారిలో ఈ గొళ్ళెము త్రుప్పుపట్టి ఉన్నవారెందరో మీ గ్రామములో ఒకసారి చూడుడు.

వెనుక తగిలించు ట్రక్కు సంగతి వేరు. అనేక ట్రక్కులకు సొంత బ్రేకు ఉండదు. గట్టు దిగునపుడు బరువు ట్రాక్టరును ముందుకు త్రోయును. అందుచే పల్లమునకు ముందే తక్కువ గేరులో పెట్టవలెను గాని, సగము దిగిన తరువాత క్లచ్చి నొక్కి గేరు మార్చుటకు ప్రయత్నింపరాదు. వెనుక ఎఱ్ఱదీపము, మెరయు పట్టీలు ఉండవలెను. వరిగడ్డి మోపులు వాటిని కప్పివేయరాదు. చీకటిలో గడ్డి బండి రోడ్డు రంగులో కలిసిపోవును. పూర్వము ఎద్దుబండి ఇరుసుక్రింద లాంతరు కట్టుకొని పోవు ఆచారముండెడిది. అంతటి జాగ్రత్త కూడ నేటి ట్రక్కులకు కొన్నిటికి కొఱవడినది. దమ్ము చక్రములతో ట్రాక్టరును తారు రోడ్డుమీదికి తెచ్చుటయు తగదు. రోడ్డు చెడును, చక్రమునకు పట్టు ఉండదు.

ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప వేరొకరు ఎక్కరాదని నియమము. మడ్‌గార్డుపై కూర్చుండుట మన కండ్లకు అలవాటైన దృశ్యమే యైనను, కుదుపునకు జారినవాడు పడునది పెద్దచక్రము క్రిందనే. ఇక ట్రక్కు సరకులకే గాని మనుష్యులకు కాదు. నాట్లకు, కలుపులకు, పెండ్లిండ్లకు, మ్రొక్కుబళ్ళకు ట్రక్కు నిండ జనమును ఎక్కించుకొని పోవుట మాత్రము ఆగలేదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలిపనికి పోవుచున్న స్త్రీల ట్రాక్టరు మూసీ కాలువలో పడగా 15 మంది మరణించిరి. 2020 జూన్ 17న వేదాద్రి నరసింహస్వామి దర్శనము చేసికొని ఖమ్మం జిల్లాలోని స్వగ్రామమునకు మరలి పోవుచున్న భక్తుల ట్రాక్టరును జగ్గయ్యపేట మండలములో లారీ ఢీకొనగా 12 మంది ప్రాణములు కోల్పోయిరి. ఒకచోట ఢీకొట్టినది లారీ, రెండవచోట ఎవరును ఢీకొట్టలేదు. రెండుచోట్లను మృతుల సంఖ్య అంత పెరుగుటకు కారణము ఒక్కటే: పట్టుకొనుటకు ఆధారము లేని తొట్టెలో మనుష్యులు కిక్కిరిసి యుండిరి.

ఇట్టి ప్రయాణికులకు భీమా రక్షణ కూడ సందేహాస్పదమే. సరకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికుని విషయమున పరిహారము చెల్లించు బాధ్యత భీమా సంస్థకు లేదని 2002 డిసెంబరులో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. ట్రాక్టరు ట్రక్కుల విషయమునను ఇదే సూత్రము అనుసరింపబడినది. కొన్ని కేసులలో సంస్థ ముందుగా చెల్లించి తరువాత యజమాని వద్ద వసూలు చేసికొనునట్లు ఆదేశించిరి. కావున కూలీలను ఎక్కించుకొనిన ఆసామికి తన భూమికే ఎసరు. చనిపోయిన కూలి కుటుంబమునకు ఏండ్ల తరబడి కోర్టు.

ట్రక్కు ఎక్కవద్దని చెప్పుట తేలిక. తెల్లవారుజామున ఐదు మైళ్ళ దూరములోనున్న పొలమునకు పోవు స్త్రీలకు బస్సు దొరకదు. ఆటోలో ముగ్గురి చోట పదిమంది కూర్చుందురు. అదియు ట్రక్కుకంటె మేలైనది కాదు. కూలీ మాట్లాడుకొనునపుడే ప్రయాణపు ఏర్పాటు కూడ మాట్లాడుకొనవలెను. రెండు విడతలుగా ఆటోలో పంపుటకు అయ్యెడి అదనపు కర్చు ఆసామి భరింపవలెనని గ్రామసభలో అందరు కలిసి నిర్ణయించుకొనవచ్చును. ఒక్క ఆసామి చేసినచో అతనికి నష్టము. ఊరంతయు చేసినచో అది ఊరి ఆచారమగును.

గట్టుమీద నడక

మన దేశమున ఎడమప్రక్కనే నడుపవలెను, కుడిప్రక్కగా దాటవలెను. ఇది ఎల్లరెరిగినదే. వంపులోను, వంతెనమీదను, ఎదుట ఏమున్నదో కానరాని చోటను దాటరాదు. కాలువగట్టున ప్రతి ఫర్లాంగునకు ఒక తూమో, వంతెనో వచ్చుచుండును. కొత్తవాడు గుర్తుంచుకొనదగినది ఏమనగా, ఇరుకు వంతెనకు ఆవల ఎదురుబండి కనబడినచో ఈవలనే ఆగవలెను. ముందు నేను పోవుదునను పంతము నీటిలో దింపును.

వేగమును గూర్చి ఒక లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు మోటారు సైకిలు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. అడ్డముగా గేదె వచ్చినదని కన్ను చూచి, చేయి బ్రేకు పట్టునప్పటికి సుమారు ఒక సెకను పట్టును. అనగా బ్రేకు పడకముందే ఒక లారీ నిడివికి మించిన దూరము గడచిపోయినది. 30 కిలోమీటర్ల వేగమైనచో ఆ దూరము 8 మీటర్లు మాత్రమే. బ్రేకు పడిన తరువాత ఆగుటకు పట్టు దూరము వేగము రెట్టింపైనచో నాలుగురెట్లగును. ద్విచక్ర వాహనమునకు ఇట్టి రోడ్లపై కేంద్రము 2018లో విధించిన గరిష్ఠ హద్దు 60 కిలోమీటర్లు. అది హద్దే గాని, అంత వేగమున పోవలెనను ఆజ్ఞ కాదు. గట్టుమీద అందులో సగమే చాలును.

వర్షాకాలమున గట్టు అంచు మెత్తబడును. ఎదురుబండికి చోటిచ్చుటకై అంచువఱకు జరిగిన లారీ చక్రము మట్టిలో దిగబడి బండి ఒరిగిపోవును. అట్టిచోట బరువు బండి నడుమనే నిలువవలెను, చిన్నబండి వెడల్పైన చోట ఆగి దారి ఈయవలెను. రాత్రివేళ ఎదురుబండి దీపము కంటబడినపుడు దానివంక చూడక, తన ఎడమ అంచును చూచుచు నెమ్మదిగా పోవలెను. తన దీపమును దించవలెను. ఖర్మము చాలక కారు కాలువలో పడినచో తలుపుతో పెనుగులాడరాదు. బయటి నీటి ఒత్తిడికి అది తెరచుకొనదు. వెంటనే బెల్టు విప్పి, అద్దము దించి కిటికీనుండి బయటపడవలెను. అద్దము దిగని పక్షమున ప్రక్క అద్దమును పగులగొట్టవలెను.

డొంకనుండి పెద్దరోడ్డు ఎక్కుచోట మరియొక ప్రమాదము కలదు. విజయవాడ – మచిలీపట్నము రహదారి నేడు నాలుగు వరుసల జాతీయ రహదారి. దానిమీద బండ్ల వేగము గ్రామపు కంటికి అందదు. చిన్నరోడ్డునుండి పెద్దరోడ్డెక్కువాడు పూర్తిగా ఆగి, పెద్దరోడ్డు బండ్లకు దారి ఇచ్చి, అప్పుడు కదలవలెను. చుట్టు తిరిగి పోవలెనను బద్ధకముతో కొద్దిదూరము ఎదురుదారిన పోవువారు కలరు. ఆ కొద్దిదూరములోనే లారీ ఎదురగును.

శిరస్త్రాణము నడుపువానికిని, వెనుక కూర్చున్నవానికిని తప్పనిసరి. లేనిచో చట్టములో రూ. 1,000 జుల్మానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ముగ్గురెక్కినను అంతే. కారులో ముందు వెనుకల బెల్టు పెట్టుకొనవలెను. త్రాగి నడుపుట విషయమున, 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించి మద్యమున్నచో మొదటిసారి ఆరు నెలల వరకు ఖైదు గాని, రూ. 10,000 జుల్మానా గాని, రెండును గాని విధింతురు.

పంచాయతీ చేయదగినవి

డ్రైవరును మాత్రమే నిందించుట న్యాయము కాదు. కోతల కాలమున ధాన్యము రోడ్డుమీద ఆరబోసి, చుట్టును రాళ్ళు పేర్చి, ప్రొద్దు గ్రుంకిన తరువాత ఆ రాళ్ళను అచ్చటనే వదలిపోవువారు మనవారే. చీకటిలో ఆ రాయి మోటారు సైకిలువానికి యమపాశము. రైతునకు ఆరబోయుటకు చోటు లేకపోవుట నిజమే. ఊరి ఉమ్మడి స్థలములో సిమెంటు కళ్ళము ఏర్పరచుట పంచాయతీ ఆలోచింపదగిన పని. అది ఏర్పడునంతవఱకు కనీసము రాళ్ళకు బదులు ఇసుక సంచులు వాడి, రాత్రి అవి కూడ తీయించవలెను.

మలుపుల వద్ద సర్కారు తుమ్మ పెరిగి ఎదురుబండిని కప్పివేయును. దానిని ఏటేట నరికించవలెను. కూడలిలో చూపునకు అడ్డుగా నాయకుల బొమ్మలతో కట్టు ఫ్లెక్సీలను తీయించుటకు కొంత ధైర్యము కావలెను, అయినను తీయించవలసినదే. ఊరివారు తమంత తాము రోడ్డుకు అడ్డముగా పోయు మట్టి గుట్టలు వేగము తగ్గించునని తలతురు. రంగు, హెచ్చరిక పలక లేని గుట్ట కొత్తవానిని పడవేయుటకే పనికివచ్చును.

ఏ రోడ్డు ఎవరిదో తెలిసికొని వ్రాసినగాని పని జరుగదు. ఊరిలోని వీధులు పంచాయతీవి. కాలువగట్టు జలవనరుల శాఖది. ఊళ్ళను కలుపు పెద్దరోడ్డులు రోడ్లు భవనముల శాఖవో, పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవో కావచ్చును. జాతీయ రహదారి అధికారులు వేరు. పిట్టగోడ లేని వంతెన, దీపము లేని మలుపు, ఇదివరకు ప్రమాదము జరిగిన చోటు, వీనిని పేరుపేరున వ్రాసి తీర్మానము చేసి ఆ శాఖ ఇంజనీరునకు పంపవలెను. ‘మా ఊరి రోడ్డు బాగుచేయుడు’ అను తీర్మానముకంటె ‘ఫలానా తూము వద్ద ఇరువది గజముల పిట్టగోడ కావలెను’ అను తీర్మానమునకు బదులు త్వరగా వచ్చును.

ప్రమాదము జరిగినపుడు

గాయపడినవానిని ముట్టినచో కోర్టు చుట్టు తిరుగవలసివచ్చునను భయము గ్రామములలో నేటికిని కలదు. ఈ భయమునకు ఆధారము లేదు. సాయపడినవానిని వేధింపరాదని 2016 మార్చిలో సుప్రీము కోర్టు ఆదేశించినది. 2019 సవరణలో 134-ఏ సెక్షను దానికి చట్టబలము నిచ్చినది. సాయపడినవాడు పేరు, చిరునామా చెప్పనవసరము లేదు. సాక్షిగా ఉండుట అతని ఇష్టము. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో ఆరంభమైన 108 వాహనమునకు ఫోను చేసి, అది వచ్చులోపల రక్తము కారుచున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలినట్లు తోచినచో బండినుండి లాగివేయరాదు. నీటిలో మునుగునను భయమో, నిప్పు భయమో ఉన్నచో మాత్రము తీయక తప్పదు.

డ్రైవరు గాయపడినవానికి వైద్యసహాయము కల్పించి, 24 గంటలలోగా పోలీసులకు తెలుపవలెను. జనాగ్రహమువలన ఆగుట సాధ్యము కానిచో అతనికి ఆ మేరకు మినహాయింపు కలదు. కాని పోలీసు ఠాణాకు పోక తప్పదు. డ్రైవరును కొట్టుటకు గుమిగూడిన జనమును ఆపుట కూడ సాయమే. కొట్టుదురను భయముచేతనే అనేకులు పారిపోవుచున్నారు, గాయపడినవాడు రోడ్డుమీదనే మిగిలిపోవుచున్నాడు.

ప్రమాద బాధితునికి మొదటి ఏడు దినములలో రూ. 1,50,000 వరకు నగదు చెల్లింపు లేని చికిత్సకై కేంద్రము 2025 మేలో ఒక పథకమును ప్రకటించినది. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియని సందర్భమునను పరిహారము కలదు. 2022 ఏప్రిలు 1 నుండి మరణమునకు రూ. 2,00,000, తీవ్ర గాయమునకు రూ. 50,000 చొప్పున నిర్ణయింపబడినది. దీనికై రెవిన్యూ సబ్‌డివిజను అధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. పోలీసుల ప్రథమ సమాచార నివేదిక, ఆసుపత్రి పత్రములు, మరణించిన పక్షమున శవపరీక్ష నివేదిక జతపరుపవలెను. ఇట్టి పరిహారము కలదని తెలియని కుటుంబములు మన గ్రామములలో నున్నవి. అట్టి ఇల్లు మీ వార్డులో ఉన్నచో ఆ దరఖాస్తు వ్రాసి పెట్టుటకు వార్డు సభ్యునికి ఒక పూట పట్టును.